భుజం గీత

మానుకోట శాఖా గ్రంథాలయం పొద్దున ఎనిమిదికి తెరుస్తారు. తెరవకముందే నలుగురు ముసలాళ్ళు మెట్ల మీద తయారు. పేపరు రాగానే షీట్లు విడదీసి పంచుకుంటారు. సినిమా షీటు దక్కినవాడి మొహంలో ఆ పూటంతా కళే కళ. అరవై తొమ్మిది నాటి తెలంగాణ గొడవలు సద్దుమణిగి తొమ్మిదేళ్ళయినా, వాళ్ళ వాదనలు మాత్రం సద్దుమణగలేదు.

పది దాటాక, వంట ముగించుకుని అజ్మత్ బీ వచ్చేది. ఆడవాళ్ళ బెంచీ మీద కూర్చుని, బొంబాయి నుంచి నెలనెలా వచ్చే దర్జీల పత్రిక తెరిచేది. అది ఇంగ్లీషులో ఉంటుంది. ఆమెకి ఉర్దూ తప్ప మరో అక్షరం రాదు. చొక్కా బొమ్మ చూడటానికి అక్షరాలెందుకు?

పత్రికలు ఇంటికి ఇవ్వరు, అది రూలు. గీతలు ఇవ్వకూడదని మాత్రం ఏ రూలులోనూ లేదు. బొమ్మ గీత మీద వేలు పెట్టి నెమ్మదిగా నడిపితే, గీత కాగితం మీంచి లేచి వేలికి చుట్టుకునేది. ఇంటికి పోయి గుడ్డ మీద వేలు ఆనిస్తే మళ్ళీ చక్కగా పరుచుకునేది. వడ్రంగి కాటమయ్య వడ్రంగుల పత్రికలోంచి కిటికీలు అట్లాగే పట్టుకుపోయేవాడు. లైబ్రేరియన్ ప్రకాశం రిజిస్టరులో "కాలరు ఒకటి, చేతులు రెండు" అని రాసుకుని హెచ్చరించి పంపేవాడు.

"అక్కా, రేపు పొద్దుగాల వాపస్ తేవాలె. మందికి గూడ కావాలె గద!"

అజ్మత్ బీ భర్త గౌస్‌కి స్టేషన్ రోడ్డులో కటింగ్ మాస్టర్‌గా పెద్ద పేరు. కానీ రెండేళ్ళుగా చేతులు వణుకుతున్నాయి. వరంగల్ దవాఖాన మందులూ అయ్యాయి, కురవి వీరన్న విభూతీ అయ్యింది. వణుకు పోలేదు, గిరాకీ పోయింది. అజ్మత్ బీ మిషను తొక్కుతుంది, కాజాలు కుడుతుంది. పెద్ద కత్తెరని మాత్రం గౌస్ ముట్టనివ్వడు.

"కోసుడు మగోళ్ళ పని," అనేవాడు. "ఒక్క తప్పు పడ్డదంటే గుడ్డ మల్ల అతుకది."

చివరికి నెలాఖరు శుక్రవారం మిషను అమ్మేసి, పట్నంలో తమ్ముడింటికి పోదామని తేల్చేశాడు. ఇరవై ఏళ్ళు తన పొయ్యి మీద తను వండుకున్న మనిషి, ఇంకొకరి వంటింటి గుమ్మంలో పళ్ళెం పట్టుకుని నిలబడాలా? అజ్మత్ బీ మనసు దానికి ఒప్పుకోలేదు.

అందుకే ఓ మధ్యాహ్నం గౌస్ నమాజుకి పోయింది చూసి, హమాలీ హీర్యా తెచ్చిన గుడ్డ మీద బొంబాయి చొక్కా గీత పరిచింది. దారాలు తుంచే చిన్న కత్తెరతోనే కోసి కుట్టేసింది. సాయంత్రం హీర్యా వచ్చి తొడుక్కుంటే కుడి భుజం మీద గుడ్డ బుడ్డలా లేచి నిలబడింది. గౌస్ చూడనే చూశాడు.

"ఏందిది? గంజ్‌ల బస్తాలు మోసేటోని భుజం గిట్ల ఉంటదా? గిది కుర్సీల కూసునేటోని భుజం! కుడి దిక్కు అర్ధ వేలు కిందికి దించు. మెడకాడ జర ఒదులు."

అనేశాక గుర్తొచ్చింది, తను కోప్పడాల్సిందని. అప్పటికే ఆమె చొక్కా మీది గీతని గోటితో అర్ధ వేలు కిందికి జరిపేసింది. చొక్కా విప్పి ఆ ప్రకారం సరిచేస్తే, హీర్యాకి ఒంటితో పుట్టినట్టు కుదిరింది.

మర్నాడు అజ్మత్ బీ వేలికి చుట్టుకుని గీత పేజీలోకి తిరిగిపోయింది. పోయింది గానీ, జరిగినచోటే ఉండిపోయింది. ప్రకాశం తల గోక్కుని ఊరుకున్నాడు. వారం తిరక్కుండా నర్సింహులపేట దర్జీ ఆ భుజాన్ని పట్టుకుపోయాడు. తర్వాత ఇంకో ఊరివాడు. నెలాఖరుకి ‘గౌస్ భుజం’ కోసం జనం బస్సెక్కి గ్రంథాలయానికి రాసాగారు.

"ఇనుండ్రి, ఒక్కపారి వచ్చి చూడుండ్రి," అంది అజ్మత్ బీ, శుక్రవారం పొద్దున.

"సదువు రానోణ్ణి, నాకేం పని ఆడ?" అన్నాడు గౌస్. అన్నాడే గానీ, చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

పేజీలో తన భుజాన్ని చూశాడు. వణికే వేలు దాని మీద పెట్టాడు. గీత లేచి వేలికి చుట్టుకుంది, అక్కడ ఆగలేదు. మణికట్టు దాకా పాకి బిగుసుకుంది. చెయ్యి వణకటం మానింది. బెంచీల మీద ముసలాళ్ళు పేపరు తిప్పుకున్నారు.

"గౌసన్నా, రేపు పెద్దవంగర దర్జీ అస్తడు," అన్నాడు ప్రకాశం రాసుకుంటూ. "పొద్దుగాల తెచ్చియ్యి."

ఇంటి దగ్గర మిషను కొనేవాడు తాళ్ళతో సహా కూర్చున్నాడు.

"అమ్ముతలేను భాయ్. మాఫ్ చెయ్," అన్నాడు గౌస్. గుడ్డ పరిచి సుద్దతో ఒక్క వూపున చొక్కా వెన్ను గీశాడు. రెండేళ్ళలో అంత తిన్నని గీత అతని చేతి నుంచి రాలేదు. అజ్మత్ బీ పెద్ద కత్తెర తెచ్చి అతనికి అందించబోయింది.

గౌస్ తీసుకోలేదు.

"రేపు గీత వాపస్ ఇయ్యంగనే చెయ్యి మల్ల వణుకుతది," అన్నాడు. "ఈ దినమంత నేను గీస్త. నువ్వు కొయ్యి. నాకొచ్చినదంత పొద్దుగూకేలోపట నీకు రావాలె."

ఆమెకి కళ్ళ నీళ్ళు ఆగలేదు.

"తప్పు పడితే?"

"పడనియ్యి. గుడ్డలు శానున్నయ్."