పసుపు పూసిన కంటి పగ

నేను ఒక సూక్ష్మదర్శినిని. చిన్నాచితకా దాన్ని కాదు. ప్రాణంతో ఉన్న మెదడు మీదికి నీలి కాంతి పంపి, అక్కడి మెరుపులను తెర మీద చూపించేదాన్ని. ఇప్పుడు హైదరాబాదులో ఒక పరిశోధనాలయం స్టోర్ రూంలో, విరిగిన కుర్చీల మధ్య పడి ఉన్నాను. అయినా నన్ను చూసి జాలిపడకండి. నా పగ తీర్చుకునే ఇక్కడికి వచ్చాను.

పుట్టింది జర్మనీలో. అక్కడ చేతులకు తొడుగులు లేనిదే నన్నెవరూ ముట్టుకోలేదు. ఇక్కడికొచ్చి ప్రొఫెసర్ పరాంకుశం గారి పాలబడ్డాను. కంప్యూటర్ మొరాయించినా ఆయన నన్నే కొట్టేవారు. అత్త మీది కోపం దుత్త మీద చూపడమంటే ఇదే!

నన్ను ప్రేమగా చూసింది స్వరూప ఒక్కతే. వరంగల్ పిల్ల, ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసేది. ఇంకా కళ్లు తెరవని ఎలుక పిల్లలను వెచ్చగా చుట్టి నా కింద పడుకోబెట్టేది. కళ్లే తెరవనివి ఏం చూస్తాయంటారా? అక్కడే ఉంది మాయంతా. రేపు చూపు చూడాల్సిన మెదడు భాగంలో కణాలు ఇప్పటినుంచే గుంపులు గుంపులుగా ఉలిక్కిపడి మెరుస్తుంటాయి. ఆ మెరుపులతోనే చూపుకు దారులు పడతాయి. సెరొటోనిన్ అనే రసాయనం తగలగానే ఆ గోల సద్దుమణుగుతుందని స్వరూప కనిపెట్టింది. ఏడ్చే బిడ్డను జోకొట్టినట్టు తగ్గేది. నేను కళ్లారా చూశాను.

పరాంకుశం గారేమో సెరొటోనిన్ ఆ మెరుపులను పెంచుతుందని ఏళ్ల తరబడి సభల్లో చాటి ఉన్నారు. “నీకు ప్రయోగం చెయ్యడం చేతకాలేదమ్మా. మార్చి రాస్తేనే సంతకం,” అన్నారు. ఆ సంతకం లేనిదే ఆమెకు డిగ్రీ లేదు. అయినా స్వరూప మార్చనంది. వెంటనే నా గది తాళంచెవి ఆమె దగ్గర్నుంచి లాగేసుకున్నారు. తలుపు అవతల ఆ పిల్ల ఏడవడం విన్నాను. ఒళ్లు మండిపోయింది. ఉండు, నీ పని చెప్తా అనుకున్నాను.

దసరా వచ్చింది. ఆయుధ పూజనాడు మావాళ్లు యంత్రాలన్నిటికీ బొట్లు పెడతారు. ఒంటికి పెడతారు గానీ కంటికి పెట్టరు కదా! పరాంకుశం గారు మాత్రం ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా, నూనెలో కలిపిన పసుపును తన చేత్తోనే నా కటకానికి పూశారు. నీలి కాంతి పడితే పసుపు ఆకుపచ్చగా వెలుగుతుంది, అచ్చం నేను చూపించే మెదడు కణాల మెరుపులాగే. రా నాయనా రా అనుకుని, ఆ పసుపును వదలకుండా పట్టుకున్నాను.

మర్నాడు ఆయనే కూర్చుని ఒక ఎలుక పిల్లకు సెరొటోనిన్ ఇచ్చి చూశారు. తెరంతా ఆకుపచ్చ! పండగకు ముందు స్వరూప తీసిన బొమ్మలు పక్కన పెట్టుకుని, “ఎంత పెరిగిందో చూశారా!” అని చిన్నపిల్లాడిలా గంతులేశారు. నేను అబద్ధమాడలేదు. ఆయన పూసిందే ఆయనకు చూపించాను.

సంతకం లేక ఆగిపోయిన స్వరూప సిద్ధాంత వ్యాసం సంగతి తేల్చడానికి గుంటూరు నుంచి మార్గరెట్ గారు పరీక్షాధికారిగా వచ్చారు. పరాంకుశం గారు అందరినీ నా గదికే పిలిచి, గర్వంగా తెర వెలిగించారు.

“ఎలుక పిల్లను తీసేసి ఒక్కసారి చూద్దాం సార్. ఖాళీగుంటే ఏమొస్తదో,” అంది స్వరూప.

“ఏమొస్తుంది? చీకటొస్తుంది,” అంటూ ఆయనే తీశారు.

ఎలుక లేదు, మెదడు లేదు. తెర మాత్రం అంతే ఆకుపచ్చగా ఉంది. నా శక్తికొద్దీ వెలిగాను మరి!

మార్గరెట్ గారు నా కటకాన్ని వేలితో రాసి, వాసన చూశారు. “ఏవండీ ప్రొఫెసర్ గారూ, మీ ఎలుకల మెదడులో పసుపు పండుతోందా?”

గదంతా గొల్లుమంది. ఆయన పళ్లు కొరుకుతూ నన్ను ఒక్క తోపు తోశారు. కింద పడి కన్ను పగిలింది. పగిలితే పగిలింది, పోనివ్వండి.

మార్గరెట్ గారు స్వరూప వ్యాసాన్ని ఆయన చేతిలో పెట్టారు. “సంతకం చేసేముందు చివరి వాక్యం చదివి వినిపించండి.”

“సెరొటోనిన్... మెరుపులను తగ్గిస్తుంది,” అని గొణిగారాయన.

“వెనకున్నోళ్లకు వినపడలే సార్,” అంది స్వరూప. “గట్టిగ చదవండి.”

ఆయన గట్టిగా చదివారు.