దబ్బనం కుట్లు

ఈ ఏడు ఉగాది, రంజాన్ రెండూ ఒకే వారంలో వచ్చాయి. హిందూపురంలో ఇంటి ముందుగదిలోనే కుట్టుమిషన్ పెట్టుకున్న నాజ్నీన్‌కు అంతకంటే పెద్ద శిక్ష లేదు. ఉగాది జాకెట్లు ఒక పక్క, రంజాన్ చుడీదార్లు ఇంకో పక్క కుప్పలుగా పడి ఉన్నాయి. ఒక్కపొద్దు ఉండడంతో మధ్యాహ్నానికే నాలుక పిడచకట్టుకుపోతోంది. ఇవన్నీ చాలవన్నట్టు పెనుకొండ నుంచి వాళ్ళమ్మ హసీనాబీ పండగకు పది రోజుల ముందే దిగింది.

హసీనాబీకి డెబ్బై దగ్గర పడ్డాయి. కూర్చున్న చోట కూర్చోదు. తీసిన కత్తెర తీసిన చోట పెట్టదు. కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి ఆడమనిషితోనూ ఒకటే మాట.

"నా బిడ్డకు కుట్టేది నేర్పించింది నేనేనమ్మా."

ఆ మాట విన్నప్పుడల్లా నాజ్నీన్‌కు ఒళ్ళు మండేది. తను కుట్టు నేర్చుకున్నది అమ్మ దగ్గర కాదు, అమ్మ మీద కోపంతో.

నాజ్నీన్ నాయన ఖలందర్ పెనుకొండలో దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ప్రతి రంజాన్‌కూ మిగిలిన దూదిని చారల పరుపుగుడ్డలో కూరి ఇద్దరు కూతుళ్ళకూ చెరో బొమ్మ చేసేవాడు. పండగ గౌన్లలో మిగిలిన ముక్కలతో ఆ బొమ్మలకు బట్టలు. పండగ పొద్దున అమ్మ వాటిని తెచ్చి చేతికిచ్చేది. అంతవరకూ బాగానే ఉండేది. వచ్చిన చిక్కల్లా ఆ బట్టలతోనే. వాటికి హుక్కు ఉండదు, నాడా ఉండదు. బొమ్మకు తొడిగి, బొమ్మతో సహా కలిపి కుట్టేసేవాళ్ళు. అదీ పరుపులు కుట్టే దబ్బనంతో, పరుపుదారంతో. ఒక్కో కుట్టు బొటనవేలి గోరంత. వీధిలో మిగతా పిల్లల ప్లాస్టిక్ బొమ్మలు పూటకో గౌను మార్చేవి. నాజ్నీన్ బొమ్మ మాత్రం ఏడాదంతా ఒకే గౌనులో మురికి పట్టిపోయేది.

"విప్పేదానికి రాకపోతే అవి బట్టలెట్లయితాయి మా?" అని ఏడిస్తే అమ్మ, "అట్లే ఉండనీలే" అనేది.

తొమ్మిదో ఏట నాజ్నీన్ ఓపిక నశించింది. బ్లేడుతో ఆ కుట్లన్నీ కోసి, గౌను విప్పి, సన్నసూదితో తనే మళ్ళీ కుట్టుకుంది. పీకిన దారాలను గుప్పిట్లో పెట్టుకుని వీధంతా తిరిగి చూపించింది. "మా యమ్మ కుట్లు చూడండి, గోనెసంచి మూతి కుట్టినట్టు లేవా?" అందరూ నవ్వారు. హసీనాబీ కూడా నవ్వింది.

ఈ కథను నాజ్నీన్ ఒకసారి తన ఎనిమిదేళ్ళ కూతురు తస్లీమ్‌కు నవ్వులాటకు చెప్పింది. అదే తప్పయింది. అవ్వ బస్సు దిగి సంచి కింద పెట్టకముందే పిల్ల పట్టుకుంది. "అవ్వా, నాకూ అట్లాంటి బొమ్మ కావల్ల."

హసీనాబీకి అంతకంటే ఏం కావాలి?

ఉగాదికి రెండు రోజుల ముందు శైలజ మేడం జాకెట్ కుట్టడానికి కూర్చుంది నాజ్నీన్. శైలజ ఊళ్ళో కాలేజీ లెక్చరర్. వంకాయ రంగు పట్టుచీర, దాని జాకెట్ ముక్కకు జానెడు జరీ అంచు. ధర్మవరంలో తనకు తెలిసిన సంజీవప్ప మగ్గం మీద నేసిన ఆ చీరను నాజ్నీనే ఇప్పించింది. ముందురోజే వీపు, ముందుభాగాలు కత్తిరించి, చేతులకు కావలసిన అంచు ముక్కను మడిచి కింది అరలో పెట్టింది. ఇప్పుడు చూస్తే ఆ ముక్క సగమే ఉంది. అంచు పోయింది.

"మా! ఈడ పెట్టిన పట్టుముక్క ఏమైంది?"

హసీనాబీ వంటగది గడపలో కూర్చుని సూదిలోకి దారం ఎక్కించలేక తంటాలు పడుతోంది. ఒడిలో దూది బొమ్మ. దాని ఒంటి మీద వంకాయ రంగు పావడా, జరీ అంచుతో జాకెట్.

"అదా? కింద పడేసింటివి కదా. మిగిలిందనుకుంటి."

"పడేసింటినా? మడిచి పెట్టింటి! మడిచి పెట్టినదాన్ని ఎవరైనా పడేసింది అనుకుంటారా?"

"ఎందుకట్ల అరుస్తావే? ఒక్కపొద్దులో గొంతు ఎండిపోదా?"

నాజ్నీన్ బొమ్మను లాక్కుని చూసింది. అంచును ఆరు ముక్కలు చేశారు. అతికించినా పనికిరాదు. అమ్మ ఎక్కడ బొమ్మ బట్టలు విప్పేస్తుందోనని తస్లీమ్ ఆమె చెయ్యి పట్టుకుని ఏడుపు మొదలుపెట్టింది. నాజ్నీన్ బొమ్మను పిల్ల చేతిలో పడేసి సంజీవప్పకు ఫోన్ చేసింది.

"ఆ పడుగు ఎప్పుడో అయిపోయిందమ్మా," అన్నాడాయన. "ఇప్పుడు మగ్గం మీద వేరే రంగు ఉండాది. ఒక్క జాకెట్టు కోసం మళ్ళీ యాడ నేసేది?"

ఇక చేసేదేమీ లేదు. శైలజ మేడం ఇంటికి పోయి చెప్పాలి. చెప్పులేసుకుంటుంటే హసీనాబీ కూడా ముసుగు సర్దుకుని లేచింది.

"నువ్వేంటికి?"

"నేనూ వస్తా."

"వచ్చి ఇంకేం కత్తిరిస్తావు? గమ్మున ఇంట్లో ఉండు మా. యాష్టకొచ్చింది నాకు నీతో."

వినలేదు. ఆటోలో పక్కనే ఎక్కి కూర్చుంది. దారి పొడుగునా ఆటో అతనితో పెనుకొండలో ఎండలు ఎట్లున్నాయో చెబుతూనే ఉంది.

శైలజ గేటు దగ్గరే నిలబెట్టి నాజ్నీన్‌ను కడిగేసింది. "మోచేతి దాకా చేతులు కావాలని ఎన్నిసార్లు చెప్పినాను? నీ మీద నమ్మకంతో కదా ఇచ్చింది? ఎల్లుండి పండగ పెట్టుకుని ఇప్పుడు వచ్చి చెప్తావా?" నాజ్నీన్ తల వంచుకుని నిలబడింది. అంటున్నదాంట్లో తప్పు లేదు.

హసీనాబీ ముందుకొచ్చింది. "కత్తిరించింది నేనమ్మా. నా బిడ్డను అనాకు. నాకు కండ్లు సరిగ్గా ఆనవు, మిగిలిన ముక్క అనుకుంటి."

శైలజ గొంతు తగ్గింది. "దేనికమ్మా కత్తిరించింది?"

"మనవరాలికి బొమ్మ చేస్తి. దానికి బట్టలు కుట్టల్ల కదా. మా ఇంటాయన ప్రతి రంజాన్‌కూ మా పిల్లోళ్ళకు కుట్టిచ్చేవాడు. ఆయప్ప పోయినంక ఎవరూ కుట్టలేదు."

నాజ్నీన్ తలెత్తింది. "నాయనా? నాయన బొమ్మ చేసేవాడు. బట్టలు కుట్టేది నువ్వు కదా?"

"నాకు దబ్బనం పట్టేది వస్తుందా ఏమన్నా? ఆయప్పే కుట్టేవాడు, పరుపుల అంగట్లో కూర్చుని. ఆడపిల్లల బట్టలు కుట్టినానని ఎవరికీ చెప్పాకు అనేవాడు. సిగ్గు."

"మరి నేను వీధంతా నీ కుట్లు అని చూపిస్తాంటే నువ్వెందుకు చెప్పలేదు?"

"చెప్పింటే ఆయప్ప మళ్ళీ ఏడు కుట్టేవాడా?"

శైలజ గేటు తీసి ఎండలోంచి లోపలికి రమ్మంది. హసీనాబీని ఫ్యాన్ కింద కూర్చోబెట్టింది. చేతులు పొట్టిగా పెట్టినా పర్వాలేదంది. అరగంట సేపు నాజ్నీన్‌ను తిట్టిన మనిషి ముసలమ్మను రెండు నిమిషాల్లో క్షమించేసింది. దానికి కూడా నాజ్నీన్‌కు మండింది.

తిరిగి వస్తుంటే ఆటోలో అడిగింది. "ముప్పై ఏండ్లు ఎట్ల దాచిపెడ్తివి? మరి నాకు నేర్పించింది నువ్వేనని అందరికీ ఏమని చెప్పుకుంటావు?"

"నేను నోరు విప్పింటే ఆయప్ప మానేసేవాడు. ఆయప్ప మానేసింటే నువ్వు విప్పేదేమి, కుట్టేదేమి? ఇప్పుడు చెప్పు, నేర్పించింది ఎవరు?"

నాజ్నీన్ తల బయటికి పెట్టి రోడ్డు చూస్తూ కూర్చుంది.

ఇంటికొచ్చి మిగిలిన పట్టుముక్కతో పొట్టి చేతులు కత్తిరిస్తుంటే ఆమెకు ఆ ఏడు సంగతి గుర్తుకొచ్చింది. ఆ దారాలు పట్టుకుని నాయన అంగడికి కూడా పోయింది తను. దూది ఏకుతున్న నాయన చెయ్యి ఆపి, దారాలకేసి చూశాడు. "అంత బాగలేవా పాపా?" అన్నాడు. "అస్సలు బాగలేవు" అని గట్టిగా చెప్పింది. ఆ సాయంత్రం నాయన బజారు నుంచి ఒక అట్ట హుక్కులు, రెండు సన్నసూదులు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. అమ్మ మీద కొట్లాటలో నాయన తన పక్క అని ఎంత మురిసిపోయిందో. అనరాని మాట ఆయన మొహం మీదే అని వచ్చానని ఇన్నేళ్ళలో ఎన్నడూ తోచలేదు.

కళ్ళు మసకబారి గీత కనిపించలేదు. కత్తెర పక్కన పెట్టింది.

"మా."

"ఏమే?"

"నాయన ఆ పొద్దు ఏమన్నా అన్న్యాడా? నేను నవ్వినానని?"

"నవ్వినాడు. పాప చెయ్యి నాకంటే బాగుండాది, పెద్దయినంక మిషన్ కొనియల్ల అన్న్యాడు. కొనిచ్చినాడు కదా నీకు పదైదో ఏట."

"అదన్నా అప్పుడే చెప్పొచ్చు కదా నాకు!"

"నువ్వు ఎప్పుడన్నా అడిగింటివా?"

నాజ్నీన్ పళ్ళు కొరుక్కుంది. తస్లీమ్ బొమ్మను ఒళ్ళో పెట్టుకుని అవ్వ పక్కన నిద్రపోతోంది. ఇంకా పదకొండు జాకెట్లు మిగిలి ఉన్నాయి. కళ్ళు తుడుచుకుని, గీత మళ్ళీ గీసుకుని, పట్టుముక్కను కత్తెర కింద పెట్టింది.