ముద్ద మీద నింద

ఇక తాను తినగలిగింది ఏం మిగిలిందా అని చెంచయ్య నులకమంచం మీద కూర్చుని లెక్క చూసుకుంటే ఒక్కటే తేలింది. పెరుగన్నం.

క్యాన్సరు మందు ఎక్కించుకోవడానికి గుంటూరు వెళ్ళడం మొదలై రెండు దఫాలయింది. రెండు దఫాలూ రెండు రుచుల్ని పొట్టన పెట్టుకున్నాయి. మొదటిసారి, దర్శిలో తొలి బస్సు అందుకోవాలని చీకటితో లేస్తే, భార్య వెంకటేశ్వరమ్మ వేడన్నంలో గోంగూర పచ్చడి, నువ్వులనూనె కలిపి నోట్లో ముద్ద పెట్టింది. ఆ ఇంట్లో పెద్ద పని మీద గడప దాటేవాళ్ళెవరైనా ఆమె చేతి ముద్ద తినే కదలాలి. కోర్టు వాయిదాకైనా అంతే, మిర్చి యార్డుకైనా అంతే. ఆ సాయంత్రం పట్టుకున్న వాంతులు మూడు రోజులు వదల్లేదు. అరవయ్యేళ్ళ సావాసమున్న గోంగూర ఆనాటి నుంచి వాసనకే గొంతు మూసేస్తోంది. రెండోసారి మామిడికాయ పప్పు పెట్టింది. అదీ అదే దారి పట్టింది.

పెరుగన్నంతోనే నలభయ్యారు కిలోల దగ్గర ఆగాడు. నలభై అయిదుకి దిగితే మందు ఆపేస్తామని డాక్టరు తెగేసి చెప్పాడు. తెల్లారితే మూడో దఫా. వెంకటేశ్వరమ్మ పాలు తోడేస్తూ, "రేపు పెరుగన్నం ముద్ద పెడతా, శుభమే గదా" అంది.

చెంచయ్య జేబు తడుముకున్నాడు. పోయినసారి ఆసుపత్రిలో నర్సు జయకుమారి చెప్పిన మాట గుర్తొచ్చింది.

"నాలిక నరాలూ, పొట్ట నరమూ మెదడు అడుగున ఒక్కచోటే కబురు దించుతాయి బాబాయ్. గోంగూర వచ్చిందంటది నాలిక. కొన్ని గంటలకి విషం వచ్చిందంటది పొట్ట. ఆ పైన బాదంగింజంత ముక్క ఒకటుంది. ఆ రెంటినీ కలిపి ముడేస్తది. ఇక విప్పదు."

"మందు వల్లేనని నాకు తెలుసు గదమ్మా?"

"నీకు తెలుసు. దానికి తెలవదు. సెలైను సీసాని అది అనుమానించదు. తిన్నదే దొంగంటది. అందుకే వచ్చేసారి నువ్వెప్పుడూ తిననిది, పోయినా బాధ లేనిది తినిరా. నింద దాని మీద పడుద్ది."

ఆ మాట మీదే కొనిపెట్టుకున్న పైనాపిల్ క్రీము బిస్కెట్ల పొట్లం జేబులోంచి తీసి చెంచయ్య భార్యకిచ్చాడు. "ముద్ద బదులు ఇది పెట్టవే."

"చంటిపిల్లాడివా? నా ముద్దకి వంకబెడతన్నావా?"

"వంక కాదే. పెరుగన్నం కూడా పోతే ఇక నేను మేసేది చొప్పే."

"మా అన్న ముద్ద తినకుండా బండెక్కాడు. తిరిగొచ్చాడా?"

"తినకుండా పోతానన్నానా? నీ చేత్తోనే పెట్టు."

తెల్లారుజామున ఆమె బిస్కెట్లు పాలలో నలిపి, "దూడకి దాణా పెట్టినట్టుంది" అని గొణుగుతూ ముద్ద పెట్టింది.

వాంతులు తగ్గిన రోజున చెంచయ్య పొట్లం వాసన చూశాడు. పేగులు నోట్లోకొచ్చాయి. "పట్టుకుంది! నింద దీన్ని పట్టుకుంది!" అని నవ్వాడు.

ఆ సంతోషంలోనే వెంకటేశ్వరమ్మ పెరుగన్నం కలిపి ముద్ద నోటి దాకా తెచ్చింది. చెంచయ్య కడుపు గిర్రున తిరిగింది. మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"తర్వాత తింటా, అక్కడ పెట్టు."

ఆమె ఎండబోసిన మిరపకాయలు తిరగెయ్యడానికి కల్లంలోకి వెళ్ళాక అదే కంచంలో స్పూను ముంచి, భయపడుతూ నోట్లో పెట్టుకున్నాడు. దిగింది. ఇంకోటి పెట్టుకున్నాడు. అదీ దిగింది. మూడోది చేతిలో ఉండగానే సంగతి అర్థమైపోయింది. తిండి మూడుసార్లూ మారింది. చెయ్యి మారలేదు. మిరప తొడిమలు తీసీ తీసీ పదిసార్లు కడిగినా పోని ఘాటు, దాని మీద పసుపు, ఆ చేతి వాసన.

రెండు రోజులు ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాడు. మూడో రోజు ఆమె దొరకబుచ్చుకుంది.

"ఏందయ్యా, నా చెయ్యి చూసి మొహం తిప్పుకుంటన్నావ్?"

కాదంటే ఆ ముద్ద తినాలి, తింటే కక్కాలి, కక్కితే కాటా మీద దొరికిపోవాలి. ఔనంటే ఈ మనిషి మొహం ఎట్టా చూడాలి? "తిప్పుకునేది నేను కాదే. లోపల ఒకటుంది, నా మాట వినదు" అన్నాడు తలొంచుకుని.

ఆమె తన చేతిని ఇటూ అటూ తిప్పి చూసుకుంది. తొట్టి దగ్గరకెళ్ళి చింతపండుతో తోమింది, సబ్బుతో తోమింది, తుడుచుకొచ్చి మగడి మొహం ముందు చాపింది.

"వాసన పోయిందా?"

చెంచయ్య ఊపిరి బిగబట్టాడు. అయినా గొంతు కదిలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె చూసింది.

మళ్ళీ అడగలేదు. కంచంలో స్పూను వేసి అతని ముందుకి జరిపి, వెళ్ళి గుమ్మం అవతల కూర్చుంది, కుడిచెయ్యి కొంగులో చుట్టుకుని. ఇంకా మూడు దఫాలున్నాయి.

"తిను, గాలి నీ వైపు రాట్లా" అంది అటు తిరిగే.

చెంచయ్య గోడ వైపు తిరిగి స్పూను అందుకున్నాడు.