గాల్లో తొమ్మిది గంటలు

తొమ్మిది గంటలంటే ఎంతని, ఒక రాత్రి నిద్ర, మహా అయితే అటో కాఫీ ఇటో కాఫీ, అనుకుంటూనే ఆమె విమాన టిక్కెట్ల ఆఫీసులో తన కౌంటర్ ముందు కూర్చున్న పెద్దాయనకి తెర మీద విమానం దారి చూపించింది. ఏడు వేల కిలోమీటర్లు.

"అంతేనా! మా కోడలు రెండు రోజులు పడుతుందందే?"

"గాల్లో తొమ్మిదేనండీ. గుమ్మం నుంచి గుమ్మానికైతే ఆవిడన్నదే నిజం. సర్దుకోవాలి, బయల్దేరాలి, పడిగాపులు పడాలి..."

"సర్దేది తనేగా, తనకే తెలుస్తుంది!" పెద్దాయన నవ్వాడు.

ఆమె అక్క ఉండేది ఆ విమానం దిగే ఊళ్ళోనే, ఒంటరిగా. శుక్రవారం అక్కకి ఆపరేషన్. "నువ్వొచ్చి ఏం చెయ్యక్కర్లేదే. కళ్ళు తెరిచేసరికి మనవాళ్ళ మొహం ఒకటి కనబడితే చాలు" అంది ఫోన్లో. ఆ మాటే ఇంట్లో చెబితే, నెలనెలా ఎగిరే భర్త, ఆమె సర్దిన పెట్టెలో సాక్సులు వెతుక్కుంటూ, "తొమ్మిది గంటలేగా, ఎప్పుడైనా వెళ్ళొచ్చు" అన్నాడు. అత్తగారు, "నువ్వెళ్తే నా మందులెవరిస్తారే? మీ అక్కకి నర్సులుంటారు, జీతం తీసుకుని మరీ చూస్తారు" అంది. నిజమే, జీతం లేని నర్సు దొరకడమే కష్టం.

ఎటూ తేల్చుకోని వాళ్ళ కోసం ఈ ఆఫీసులో సీటు పట్టి ఉంచుతారు. సాయంత్రంలోగా టిక్కెట్టు కొనకపోతే అది దానంతటదే జారిపోతుంది. సోమవారం నుంచి ఆమె రోజూ పొద్దున్నే తన పేరు మీద ఒక సీటు పడుతోంది. ఎవరెవరికో దూరాలు చెబుతున్నంతసేపూ, ఎక్కడో కిటికీ పక్కన తన పేరు ఒక్కటే కూర్చుని ఉన్నట్టుంటుంది. సాయంత్రం అది జారిపోతుంది. ఆమెని భయపెట్టింది ఇంట్లోవాళ్ళు కాదనడం కాదు. సీటు జారిపోగానే గుండెలో కలిగే ఆ చిన్న ఊరట. కాదనే పని వాళ్ళకి మిగల్చకుండా తనే చేసేస్తోంది.

"మేడమ్, ఈ సీటు మీదేగా? వేరేవాళ్ళు అడుగుతున్నారు, వదిలేద్దామా?" పక్క కుర్చీలో అమ్మాయి అడిగింది.

"వద్దు. ఉండనీ."

టిక్కెట్టుకి పాస్‌పోర్టు నంబరు కావాలి. ఎందరి నంబర్లో టకటకా కొట్టే చేతికి తన నంబరు తెలియదు. అది భద్రంగా అత్తగారి బీరువాలో ఉంది. భోజనానికి వెళ్ళొస్తానని చెప్పి ఆమె ఇంటికి నడిచింది.

అత్తగారు టీవీ ముందు ఉంది. "అప్పుడే వచ్చేశావేం? తలనొప్పా?"

"బీరువా తాళాలివ్వండి అత్తయ్యా. నా పాస్‌పోర్టు కావాలి. అక్క దగ్గరికి వెళ్తున్నాను."

"అబ్బాయినడిగావా?"

దారంతా జవాబులు కూడబలుక్కుంటూనే వచ్చింది: మందులు ఎవరిస్తారో, వంట ఎలా సాగుతుందో, ఎప్పటికి తిరిగొస్తుందో. వాటిలో ఒక్కటీ బయటికి తియ్యలేదు. అరచెయ్యి చాచి నిలబడింది. అత్తగారు మళ్ళీ టీవీ వైపు తిరిగింది, ఏమీ విననట్టు.

ఆమె చెయ్యి దించలేదు.