కైలాశ్‌కు వచ్చే ఉత్తరాలు

భోకర్ నుంచి నాందేడ్ వస్తున్న జీపు లారీని గుద్దుకుని కైలాశ్ చనిపోయి నలభై రోజులైంది. అతని కంప్యూటర్ మీద కప్పిన గుడ్డను చెల్లెలు ప్రాచి ఆ నలభయ్యో రోజునే తీసింది.

ఇంట్లో తెలుగు మాట్లాడుకున్నా మరాఠీ బడిలో చదివిన కైలాశ్ తెలుగు అక్షరాలు సొంతంగా నేర్చుకుని, ప్రాచికీ నేర్పి, 2005లో తెలుగు టైపు చేసే చిన్న సాఫ్ట్‌వేర్ తయారుచేసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టాడు. దాన్ని వాడేవాళ్లంతా ఒక గ్రూపులో రాసుకునేవారు. అన్న లేడని వాళ్లకు చెబుదామని ప్రాచి కూర్చుంది.

తెరవగానే నిజామాబాద్ నుంచి రాజమౌళి అనే టీచర్ రాసిన పొడుగాటి ఉత్తరం కనిపించింది. గుణింతం చెరపబోతే అక్షరం మొత్తం పోతోందట. అచ్చు తీస్తే ఒత్తులు పక్కకు జరుగుతున్నాయట. "ఇంత మంచి పనిలో ఈ లోపాలు ఉండకూడదని రాస్తున్నాను" అని ముగించాడు.

ప్రాచికి ఒళ్లు మండింది. 'మీరు తప్పులు ఎంచుతున్న మనిషి చచ్చిపోయాడు' అని టైపు చేసింది.

వెనకే నిలబడ్డ తల్లి సుమిత్రాబాయి అడిగింది. "ఏంది బిడ్డా, ఏమని రాస్తున్నవు?"

ప్రాచి చదివి వినిపించింది.

"ఆయనకేం ఎర్క, మనోడు పోయిండని? కైలాశ్ ఉంటె ఏమని రాస్తుండె?"

ప్రాచి పాత జవాబులు తీసింది. దీన్ని చేసినవాడికి తెలుగే రాదని ఒకాయన తిట్టాడు. దానికి కైలాశ్ ఇలా రాశాడు: 'నిజమే సార్, ఇంకా నేర్చుకుంటున్నాను. మీరు చూపించిన తప్పు నా కంటికి ఆనలేదు. దిద్దుతాను. ఓపికగా రాసినందుకు సంతోషం.' అన్ని జవాబులూ అలాగే ఉన్నాయి.

సుమిత్రాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంట్ల ఒక్క మాటంటె పడకపోతుండె. బయటోళ్లతోని గింత నెమ్మదిగ మాట్లాడుతుండెనా? నాకెన్నడు తెల్వకపాయె."

ప్రాచి రాసిన వాక్యాన్ని చెరిపేసింది. 'మీరు చెప్పినవి నిజమే సార్. అన్న ఉంటే దిద్దేవాడు. పోయిన నెల చనిపోయాడు. నాకు ఈ పని రాదు. అన్న ఫైళ్లన్నీ పంపిస్తున్నాను. మీకు తెలిసినవాళ్లెవరైనా దిద్దగలిగితే మాకు సంతోషం' అని రాసి పంపింది.

మర్నాడే రాజమౌళి జవాబు వచ్చింది. "క్షమించమ్మా. ఆయన్ని ఒక్కసారైనా మెచ్చుకుని రాయాల్సింది. ఎప్పుడూ తప్పులే రాశాను."

ఆయన పాత విద్యార్థి ఒకడు రెండు నెలలు కూర్చుని రెండు లోపాలూ సరిచేశాడు. చేసినవాడిగా కైలాశ్ పేరే ఉంచాడు.

ఆ పేరు చూసి కొత్తవాళ్లు ఇప్పటికీ "కైలాశ్ గారూ" అంటూ లోపాలు రాస్తూనే ఉన్నారు. ప్రాచి ప్రతి ఒక్కరికీ జవాబిస్తుంది. ముందు మీరు చెప్పింది నిజమేనంటుంది, ఓపికగా రాసినందుకు సంతోషమంటుంది. ఆ తర్వాతి వాక్యం దగ్గర మాత్రం ప్రతిసారీ చేతులు ఆగిపోతాయి. అన్న చనిపోయాడన్న సంగతి ఒక్కొక్కరికీ కొత్తగా చెప్పాలి.

సుమిత్రాబాయి పక్కన కుర్చీ వేసుకుని, ఆ వాక్యం రాయడం అయ్యేదాకా కదలకుండా కూర్చుంటుంది.