కొలత దారం

“బోలుది తీసుకోవే. చూసేవాళ్లకి లావుగా కనపడుద్ది,” అంది మాణిక్యమ్మ కూతురితో.

తిరువూరులో హనుమయ్య కొట్లో గాజుబల్ల మీద రెండు ఉంగరాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి వెడల్పుగా, పైన లతలు తీర్చి ఉంది. చేతిలోకి తీసుకుంటే మాత్రం బరువే లేదు. రెండోది సన్నగా, ఏ నగిషీ లేకుండా ఉంది గానీ లోపలంతా గట్టి బంగారం. రెండూ చూపించడానికి పెట్టినవే. ఏ పద్ధతి ఒప్పుకుంటే ఆ పద్ధతిలో కొత్తది చేసిస్తాడు హనుమయ్య.

“చూసేవాళ్లు ఒక్కరోజు చూస్తారమ్మా. పెట్టుకునేవాడు రోజూ పెట్టుకోవాలి,” అంది గీతాంజలి. “ఎరువుల బస్తాలు ఎత్తే చెయ్యి అది. బోలుదైతే నెల తిరక్కుండానే నొక్కుకుపోద్ది.”

ఆమె ఊళ్లోనే ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తోంది. తనకి కుదిరిన పెళ్లికొడుకు కిరీటికి నిశ్చితార్థంలో పెట్టే ఉంగరం తన జీతంతోనే చేయించాలనీ, దాచుకున్నది దాటి ఒక్క రూపాయి అప్పు చేయకూడదనీ పట్టుబట్టింది. బంగారం ధర ఏ రోజుకారోజు పైకి పోతోంది. ఆ డబ్బుకి వెడల్పూ గట్టిదనమూ రెండూ రావు. సన్నదే ఒప్పుకుంది. లోపలివైపు ఇద్దరి పేర్లలో మొదటి అక్షరాలు చెక్కమంది.

“వేలి కొలత కావాలి. అబ్బాయిని ఒకసారి పంపిస్తే మంచిదమ్మా,” అన్నాడు హనుమయ్య.

అక్కడి నుంచే కిరీటికి ఫోన్ చేసింది. అతనికి గంపలగూడెంలో ఎరువుల కొట్టు ఉంది. బండి మీద వస్తే ఎంతసేపు?

“నేను రాకూడదంట. పెళ్లికొడుకు ఉంగరం ముందే చూసుకుంటే మంచిది కాదంట. అమ్మ దారంతో కొలిచి పంపుతానంది,” అన్నాడు కిరీటి.

“ఉంగరం చూడకు. కళ్లు మూసుకుని చెయ్యి చాపు, చాలు.”

అతను నవ్వాడు. రాలేదు.

కిరీటి వాళ్ల ఊరు పెనుగొలను నుంచి వాళ్ల పాలేరు చిన్న కాగితం పొట్లం తెచ్చిచ్చాడు. అందులో ముడివేసిన నూలు దారం, పచ్చగా పసుపు వాసన వేస్తూ ఉంది. హనుమయ్య దాన్ని సైజుల కడ్డీకి తొడిగి చూసుకుని, సరిగ్గా ఆ కొలతకే ఉంగరం చేశాడు.

నిశ్చితార్థం రోజు ఫంక్షన్ హాల్లో ఆ ఉంగరం కిరీటి వేలి కణుపు దగ్గర ఆగిపోయింది. గీతాంజలి తోసింది. ఎక్కలేదు. వీడియో అబ్బాయి “ఇంకొక్కసారి మేడమ్” అన్నాడు. మళ్లీ తోస్తే కిరీటి పళ్లు బిగించాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. చివరికి చిటికెన వేలికి తొడిగి ఫోటోలు తీశారు.

కిరీటి తల్లి సామ్రాజ్యం నవ్వుతూనే అందుకుంది. “ఉంగరం సన్నమంటే సన్నం అనుకున్నాం, చుట్టుకొలత కూడా మిగిల్చారన్నమాట. పోనీలే వదినగారూ, ఉన్నంతలో పెట్టారు.”

“దారం ప్రకారమే చేయించామండి,” అంది మాణిక్యమ్మ సన్నగా.

“మా దారంలో తేడా ఏముంటుంది? నా చేత్తో నేనే కొలిచాను. శుభకార్యానికి తెల్లదారం పంపకూడదని పసుపునీళ్లలో నానబెట్టి, ఎండలో ఆరబెట్టి మరీ పంపాను.”

గీతాంజలి చటుక్కున తలెత్తింది. కొత్త నూలు దారం. నానబెట్టి, ఎండబెట్టి. జాకెట్టు లైనింగు గుడ్డని ముందుగా తడిపి ఆరబెట్టకుండా కుట్టడానికిచ్చే ఆడది ఈ హాల్లో ఒక్కతైనా ఉందా? ముడుచుకుపోతుందని తెలియదా? నోరు తెరవబోయింది. తల్లి ఆమె మోచెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. గీతాంజలి కిరీటి వైపు చూసింది. అతను చిటికెన వేలి ఉంగరాన్ని తిప్పుకుంటూ నేల చూస్తున్నాడు.

భోజనాల దగ్గరికి వచ్చేసరికి మాట ముదిరింది. పిల్ల తరఫు వాళ్లు బంగారం మిగుల్చుకున్నారట. ఇంటికొచ్చాక మాణిక్యమ్మ పట్టుచీర కూడా మార్చుకోకుండా మంచం మీద కూర్చుండిపోయింది. “ఆ బోలుదే తీసుకుని ఉంటే ఈ మాట వచ్చేది కాదు,” అంది. తల్లి కూడా తప్పు ఉంగరం మీదే వేసేసరికి గీతాంజలి కోపం రెండింతలైంది.

కిరీటికి ఫోన్ చేసి దారం సంగతి చెప్పింది.

“అవును. కొలిచినప్పుడు వదులుగానే ఉంది,” అన్నాడు.

“అంటే నీకు అక్కడే అర్థమైంది.”

“అంతమందిలో అమ్మని తప్పుపట్టమంటావా?”

“అంతమందిలో మా అమ్మని దొంగని చేశారు కదా, అది ఫర్లేదా?”

ఆమె అతని జవాబు కోసం ఆగలేదు.

“రేపు హనుమయ్య గారి కొట్టుకి రా. ఈసారి దారం పంపితే తిప్పి పంపుతాను,” అని పెట్టేసింది.

వచ్చాడు. హనుమయ్య అతని వేలు కొలిచి, ఉంగరాన్ని కడ్డీకి ఎక్కించి చిన్న సుత్తితో చుట్టూ తడుతూ కొద్దికొద్దిగా సాగదీశాడు. గట్టిది కాబట్టి సాగింది. కణుపు దాటి వేలి మొదట్లో సరిగ్గా కూర్చుంది.

కిరీటి చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. “బాగుంది గీతా. నిజంగా బాగుంది.” తర్వాత గొంతు తగ్గించాడు. “అమ్మతో మాత్రం ఏం అనకు. మీవాళ్లే సరిచేయించి ఇచ్చారని చెప్తాను. పెళ్లిలోగా అందరూ మర్చిపోతారు.”

గీతాంజలి చెయ్యి చాపింది. “ఇటివ్వు.”

“ఏంటి?”

“ఉంగరం.”

అతను తీసిచ్చాడు. ఆమె దాన్ని తన బొటనవేలికి తొడుక్కుని పిడికిలి బిగించింది.

“మీవాళ్లే సరిచేయించారు అంటే ఏంటో తెలుసా? తప్పు మాదేనని ఒప్పుకున్నట్టు. నేను ఆరు నెలలు టిఫిన్ బయట తినకుండా, ఒక్క చీర కొనకుండా చేయించిన ఉంగరం ఇది. దీని మీద ఆ మాట ఉండకూడదు. మీ అమ్మకి నువ్వు చెప్పు. ఇప్పుడే.”

“ఇప్పుడా? ఇక్కడా?”

“అక్కడ చెప్పలేకపోయావుగా.”

హనుమయ్య సుత్తి పక్కన పెట్టి, ఏదో పనున్నట్టు లోపలి గదిలోకి వెళ్లాడు. కిరీటి ఫోన్ తీసి నంబరు నొక్కాడు.

“అమ్మా, అన్నం తిన్నావా? ఆ... తిన్నాను. నాన్న పొలం వెళ్లాడా?”

గీతాంజలి హ్యాండ్‌బ్యాగు భుజానికి వేసుకుని మెట్లు దిగింది. బండి దాకా వెళ్లి తాళంచెవి పెట్టింది. తిప్పలేదు. వెనక్కి తిరిగి వచ్చి, గుమ్మంలో నిలబడి అంది:

“స్పీకర్ పెట్టు.”

పెట్టాడు. చెమట తుడుచుకున్నాడు.

“అమ్మా... ఉంగరంలో తేడా ఏం లేదు. దారం పసుపునీళ్లలో ముడుచుకుపోయింది. కొలిచినప్పుడు వదులుగానే ఉంది. నాకు తెలుసు. హాల్లోనే చెప్పాల్సింది.”

అటునుంచి కుక్కర్ విజిల్ వినపడింది.

“ఆ పిల్ల పక్కనే ఉందా?” అంది సామ్రాజ్యం.

“ఉందమ్మా.”

“అది చెప్పమందా?”

కిరీటి గీతాంజలి వైపు చూశాడు. ఆమె కళ్లు తిప్పుకోలేదు, సాయం చేయలేదు.

“అడిగింది. చెప్పేది నేనే,” అన్నాడు. “మాణిక్యమ్మ అత్తయ్యకి కూడా ఈ మాట నువ్వే ఫోన్ చేసి చెప్పాలమ్మా.”

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు వినిపించింది.

కిరీటి చెయ్యి చాపాడు. గీతాంజలి పిడికిలి విప్పలేదు.

“మా అమ్మకి ఫోన్ రానీ,” అంది.