దోసె పెనం మీద పత్తి

దోసె తిరగేస్తుండగా మా ఆయన గుప్పెడు పత్తి తెచ్చి పొయ్యి పక్కన పెట్టారు.

"బిరాన చూడు వళ్లీ. లారీ గేటు కాడ నిలబడుండాది. నువ్వు సరేనంటే దించేస్తారు."

ఈ తమిళ ఊరు అన్నూరులోని మా నూలు మిల్లుకు అసలైన పత్తి పరీక్ష ఈ వంటింట్లోనే జరుగుతుంది. పురుగుల జిగట పడిన పత్తి కూడా తెల్లగానే ఉంటుంది. మరలో వేస్తే రోలర్లకు అతుక్కుని నూలు తెగుతుంది. తెగిన ప్రతి పోగునూ అతికించడానికి ఇరుళాయిలాంటి ఆడవాళ్లు షిఫ్టంతా పరుగెత్తాలి. నేను రెండు పోగులు నాలుక మీద పెట్టుకుంటాను. తీపి తగిలితే ఆ పత్తి పనికిరాదు. అనుమానముంటే పెనం మీద వేస్తాను, జిగట మాడి మచ్చలు తేలతాయి. 1994లో పెళ్లై వచ్చిన నెలలోనే మా అత్తగారు సెల్లమ్మాళ్ నేర్పింది. మిల్లులో ఎక్కడా ఆమె పేరు లేదు.

నిన్న మిల్లులో సభ. పాతవాళ్ల అనుభవాన్ని గౌరవించాలని మా అబ్బాయి ప్రభాకరన్ పెట్టాడు. ఇరవై మందికి శాలువాలు కప్పాడు. నన్ను కేసరి చేసి పంపమన్నాడు. పంపాను. సభను ఫోన్లో చూశాను. టెస్టింగ్ గదిలో కొత్తగా చేరిన నిత్య మైకు తీసుకుని మా ఆయన్ని అడిగింది.

"సార్, మెషీన్‌కు దొరకని జిగట మీకెట్ల తెలుస్తాది?"

"అనుభవమమ్మా," అన్నారాయన. "చెయ్యి పెడితే చాలు."

చప్పట్లు కొట్టారు.

ఆయన ఇంటికొచ్చాక, నా మాటెందుకు చెప్పలేదని అడిగాను. "నీ నాలుక సంగతి మైకులో చెప్పేదా? నువ్వేమన్నా పనికీ వేలైకీ పోతుండావా?" అని నవ్వారు.

ఇప్పుడు ఆయన వాచీ చూసుకుంటున్నారు. పోగులు నాలుక మీద పెట్టుకున్నాను. తియ్యగా ఉంది.

"మీరే చెయ్యి పెట్టి చెప్పండి," అన్నాను.

"పొద్దున్నే ఎగతాళా? మెషీన్ బాగుందనే చెప్పింది. దించమంటా, పో."

ఫోన్ తీసుకుని వాకిట్లోకి వెళ్లారు.

ఊరుకుందామనుకున్నాను. ఆయనకే తెలిసొస్తుంది. కానీ పరుగెత్తేది ఆయన కాదు, ఇరుళాయి. ఆమెకు యాభై ఏడు. నిన్న శాలువా కప్పించుకోవడానికి మెట్టు ఎక్కలేక ప్రభాకరన్ చెయ్యి పట్టుకుంది. ఇన్నేళ్లూ పత్తి రుచి చూడటానికి నా చేత నోరు తెరిపించినవి ఆ కాళ్లే. ఆ సంగతి ఆయనకు తెలుసు.

పొయ్యి ఆపాను. పత్తి కొంగున కట్టుకుని మిల్లుకు నడిచాను. ఆయుధపూజకు తప్ప ఆ గేటు దాటింది లేదు. కాపలా మనిషి కొత్తవాడు, నన్ను ఎరగడు. రిజిస్టరు నా ముందుకు జరిపాడు.

తమిళంలో రాశాను. పేరు: వళ్లి. పని: పత్తి చూడటం.

వచ్చిన సమయం అన్న గడిలో 1994 అని రాసి, పెన్ను అతనికిచ్చాను.